మేడమీద పైపు ఎత్తబోయే ముందు

ప్రశ్న: మాది మహేశ్వరం. మా పెద్దబ్బాయి ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. హామ్ రేడియో పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇప్పుడు మేడమీద 40 అడుగుల పైపు నిలబెట్టి దానికి యాంటెన్నా కడతానని పట్టుబట్టాడు. మా మామగారి రోజుల్లో టీవీ యాంటెన్నాకు వాడిన పైపులు పెరట్లో పడి ఉన్నాయి, వాటినే అతికించుకుంటే సరిపోతుందని మావారు కూడా వంత పాడుతున్నారు. మా ఇంటి ముందునుంచే కరెంటు తీగలు పోతున్నాయి. తలుచుకుంటేనే నాకు గుండె దడగా ఉంది. ఇది డాక్టరుగారికి రాయవలసిన ప్రశ్న కాదని మావారు నవ్వారు. ఆ యాంటెన్నా కింద పడుకుంటే క్యాన్సరు వస్తుందని పక్కింటావిడ అంటోంది. అది నిజమేనా?
— ఒక తల్లి, మహేశ్వరం

జవాబు: అమ్మా, మీవారు నవ్వితే నవ్వనివ్వండి. ఇది నూటికి నూరుపాళ్లూ డాక్టరుకు రాయవలసిన ప్రశ్నే. పైగా మీరు ముందుగా రాశారు, నాకు అదే సంతోషం. మామూలుగా ఈ ప్రశ్న నా దగ్గరికి ఉత్తరంలో రాదు. ఆటోలో వస్తుంది, నలుగురు చేతుల మీద మోసుకొస్తారు.

క్యాన్సరు సంగతి చివర్లో చెబుతాను. మీరు భయపడవలసింది దానికి కాదు. మీ ఇంటి ముందున్న తీగలకు.

వీధిలో పోయే తీగల్లో మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల తీగలు కొన్ని, ట్రాన్స్‌ఫార్మరుకు వచ్చే 11 వేల వోల్టుల తీగలు కొన్ని. కింద నిలబడి చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాటిమీద తొడుగు ఉండదు. ఉన్నట్టు కనిపించినా నమ్మకూడదు. 40 అడుగుల ఇనప పైపును నలుగురు పట్టుకుని లేపుతుంటే, అడుగున ఒక జానెడు కదిలితే కొసన అది బారెడు ఊగుతుంది. పైకి చూసేవాడి కళ్లల్లో ఎండ పడుతుంది. తీగ ఎంత దూరంలో ఉందో కంటి అంచనాకు అందదు. మన పల్లెల్లో బోరు మోటారును పైకి లాగేటప్పుడు, జెండా పండుగకు ఇనప కర్ర నిలబెట్టేటప్పుడు జరిగే ప్రమాదాలన్నీ ఈ బాపతువే. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. వాళ్లెవరూ తీగను పట్టుకోబోయినవారు కారు.

కొన్నేళ్ల కిందట నేను డ్యూటీలో ఉండగా ఒక కుర్రవాణ్ణి తీసుకొచ్చారు. ఇంటిమీద పైపు నిలబెడుతుంటే తీగకు తగిలింది. నడుచుకుంటూ లోపలికి వచ్చాడు, నాతో మాట్లాడాడు. కుడి అరచేతిలో రూపాయి బిళ్లంత మచ్చ, ఎడమ పాదం అడుగున మరొకటి. అంతే. "కట్టు కట్టి పంపించండి సార్, ఇంటికి చుట్టాలొచ్చారు" అని వాళ్ల నాన్న తొందరపెట్టాడు. నేను పంపలేదు. సాయంత్రానికి ఆ కుర్రవాడి మూత్రం టీ డికాక్షను రంగులోకి తిరిగింది. చెయ్యి రాయిలా బిగుసుకుపోయింది.

ఎందుకంటారా? పెద్ద కరెంటు చర్మంమీద చేసే గాయం చిన్నది, లోపల చేసేది పెద్దది. అది కండల గుండా, నరాల గుండా, రక్తనాళాల గుండా పోతూ లోపలి కండను ఉడికించేస్తుంది. ఉడికిన కండలోంచి ఒక రంగు పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. లోపల వాచిన కండకు చోటు చాలక, రక్తం ఆడక చెయ్యి చచ్చుబడుతుంది. వేళకు సెలైను ఎక్కించి మూత్రపిండాలను కాపాడవచ్చు, వాచిన చోట కోసి ఒత్తిడి తగ్గించవచ్చు. వేళ దాటితే చెయ్యి తీసివేయవలసి వస్తుంది. ఆ కుర్రవాణ్ణి వెంటనే పెద్దాసుపత్రికి పంపాం. రెండు వేళ్లు పోయాయి, చెయ్యి మిగిలింది. అందుకే చెబుతున్నాను: 11 వేల వోల్టుల దెబ్బ తగిలినవాడు లేచి నడిచినా, నవ్వినా, కాఫీ తాగినా, ఆసుపత్రికి రావలసిందే, ఇ.సి.జి. తీయించుకోవలసిందే. ఇంట్లో కరెంటు చిన్నగా జిల్లుమనిపించినంత మాత్రాన పరుగెత్తనక్కరలేదు. కాని స్పృహ తప్పినా, గుండె దడదడలాడినా, కాలిన గాయం ఉన్నా, ఆమె గర్భవతి అయినా తప్పక చూపించాలి.

మరి తీగకు ఎంత దూరంలో ఉండాలి? పైపు ఏ వైపు పడిపోయినా తీగను అందుకోకూడదు. లెక్క అదే. పైపు పొడవు, దానిమీద యాంటెన్నా పొడవు, ఆపైన కనీసం 10 అడుగులు కలపండి. మొత్తం పైపు పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉంటే ఇంకా మంచిది. 40 అడుగుల పైపుకు అది 60 అడుగులు. మీ గోడకు, 11 వేల వోల్టుల తీగకు మధ్య అడ్డంగా 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఉంటే చాలునని నిబంధనల్లో ఉంది కదా అని మీ అబ్బాయి అనవచ్చు. ఆ లెక్క కదలకుండా నిలబడే గోడకు రాసింది, చేతుల్లో ఊగే పైపుకు కాదు. ఇంకొక మాట. కొందరు పైపు లేకుండా రాగి తీగనే యాంటెన్నాగా ఈ మేడకూ ఆ చెట్టుకూ కడతారు. ఆ తీగ కరెంటు తీగల మీదుగా గాని కిందుగా గాని పోనే కూడదు. తెగితే దాని కొస ఎక్కడ పడుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు.

జరగకూడనిది జరిగిందనుకోండి. పైపు తీగకు ఆనుకుని ఉండగా ఎవరూ దగ్గరికి పోకూడదు. కన్నతల్లి కూడా పోకూడదు. రాయడానికి కఠినంగానే ఉంది గాని, ఒక్కణ్ణి పట్టుకోబోయి ముగ్గురు పోయిన ఇళ్లు ఉన్నాయి. ఎండుకర్రతో తోయమని చిన్నప్పుడు బడిలో చెప్పిన పాఠం ఇంటి కరెంటుకే వర్తిస్తుంది. ఇంట్లోనైనా ముందు మెయిన్ ఆపాలి, కర్ర ఆ తరువాతే. 11 వేల వోల్టులకు ఎండుకర్ర అడ్డం కాదు, చెప్పులు అడ్డం కావు. 30 అడుగుల దూరంలో ఆగిపోండి, పిల్లల్ని రానివ్వకండి. 1912కు ఫోను చేసి లైను ఆపించండి, ఇంకొకరు 108కి చేయండి. మీరే ఆ దగ్గర నిలబడి ఉంటే పెద్ద అంగలు వేయకండి. రెండు పాదాలు కలిపి నేలమీద ఈడ్చుకుంటూ బయటికి రండి. నేలలో పారే కరెంటు ఒక కాలినుంచి ఎక్కి రెండో కాలినుంచి దిగుతుంది. వీధిదీపాలు ఆరిపోయాయి కదా, లైను పోయిందనుకోకండి. అది మళ్లీ రావచ్చు. లైను ఆపామని కరెంటు ఆఫీసువారు చెప్పాకే ముట్టుకోవాలి.

ముట్టుకోగలిగిన క్షణంనుంచి మాత్రం ఒక్క నిమిషం కూడా వృథా చేయకూడదు. పిలిచినా పలకడం లేదు, ఊపిరి ఆడటం లేదు, లేదా నీళ్లలోంచి తీసిన చేపలా అప్పుడొకటి ఇప్పుడొకటి ఎగశ్వాస పీలుస్తున్నాడు. అది ఊపిరి కాదు, గుండె ఆగిందని గుర్తు. వెల్లకిలా గట్టి నేలమీద పడుకోబెట్టండి. రొమ్ము మధ్య ఎముకమీద ఒక అరచేతి మడమ పెట్టి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా మీ బరువంతా వేసి నొక్కండి. రెండంగుళాలు లోపలికి దిగాలి, మళ్లీ పూర్తిగా పైకి రావాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. పైకి లెక్కపెడుతూ చేయండి. రెండు నిమిషాలకు చేతులు లాగుతాయి, ఇంకొకరు అందుకోవాలి. నోటితో ఊపిరి ఊదడం నేర్చుకున్నవారు 30 సార్లు నొక్కాక రెండుసార్లు ఊదండి. రానివారు నొక్కుతూనే ఉండండి. పక్కటెముక విరుగుతుందేమోనని భయపడకండి. ఎముక అతికించగలం. కరెంటుకు ఆగిన గుండె సాధారణంగా అంతవరకూ ఆరోగ్యంగా ఉన్న గుండె, వెంటనే నొక్కితే తిరిగి కొట్టుకునే అవకాశం ఉంది. అంత విలువైన నిమిషాలను మనవాళ్లు ఎలా ఖర్చు చేస్తారో తెలుసునా? అరికాళ్లు రుద్దుతారు. ముక్కు దగ్గర ఉల్లిపాయ పెడతారు. నీళ్లు కుమ్మరిస్తారు. ఇసుకలోనో పేడలోనో మెడదాకా పూడ్చి కరెంటు "లాగేసేవారు" కూడా ఉన్నారు. మనిషి ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. లాగడానికి అక్కడ ఏమీ లేదు.

ఇక పడిపోవడం సంగతి. దీన్ని గురించి నాకు ఇంట్లోనే తెలుసు.

హైదరాబాదులో 1977లో దూరదర్శన్ ప్రసారాలు మొదలయ్యాయి. మా ఊళ్లోకి టీవీలు వచ్చేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను. ఎవరింటిమీద ఎత్తయిన యాంటెన్నా ఉంటే ఆదివారం సాయంత్రం వీధి వీధంతా వాళ్లింట్లోనే. గాలికి అది తిరిగిపోతే ఒకరు మేడమీద, ఒకరు కిటికీ దగ్గర, ఒకరు టీవీ ముందు. "వచ్చిందా?" "రాలేదు, ఇంకొంచెం తిప్పు!" "వచ్చింది వచ్చింది... పోయింది!" ఆ కేకలు విన్నవారు ఈ శీర్షిక చదివేవారిలో చాలామందే ఉంటారు. ఒక ఆదివారం మా చిన్నాన్న పైకెక్కాడు. పైపు నిటారుగా ఉందో లేదో చూడటానికి, తల పైకెత్తి, రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ వైపు పిట్టగోడ లేదు.

పడ్డప్పుడు ఆయన స్పృహలోనే ఉన్నాడు. నడుంలో నొప్పి అన్నాడు. అప్పటికి కాళ్లు కదులుతున్నాయి, నేను చూశాను. మా వాళ్లు చంకల్లో ఒకరు, మోకాళ్ల కింద ఒకరు చేతులు వేసి ఎత్తారు. కూర్చోబెట్టి మంచినీళ్లు పట్టారు. రిక్షాలో మడిచినట్టు కూర్చోబెట్టి తీసుకుపోయారు. ఆసుపత్రి చేరేసరికి నడుము కింద స్పర్శ లేదు. అందరూ ప్రేమతో చేసిన పనే. పడటంతోనే విరిగిన ఎముక, ఎత్తినప్పుడు జరిగి లోపలి వెన్నుపామును నొక్కి ఉంటుందని డాక్టరు చదువు చదివాక అర్థమైంది. ఆయన మరో 19 ఏళ్లు మంచంమీద బతికాడు. పిన్ని ఆయన్ను రోజుకు ఎన్నిసార్లు పక్కకు తిప్పి పడుకోబెట్టేదో లెక్కలేదు.

కాబట్టి ఎత్తునుంచి పడినవాణ్ణి కూర్చోబెట్టకండి, లాగకండి, మడవకండి. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా ఒకరు తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకోవాలి. 108 వచ్చేదాకా అక్కడే ఉంచండి. అక్కడే ఉంటే ప్రాణానికి ప్రమాదమైతే, నలుగురు కలిసి ఒక దుంగను దొర్లించినట్టు ఒక్కసారిగా తిప్పి తలుపుచెక్క మీదికి చేర్చండి. నోటికి ఏమీ పట్టకండి. ఆపరేషను అవసరం కావచ్చు. కాళ్లమీద నిలువునా దిగినవాడు "మడమ ఒకటే నొప్పండీ" అంటే మడమకు ఎక్స్‌రే తీసి ఊరుకోకూడదు. ఆ అదురు పైకి పోయి నడుము పూసను కూడా విరిచే ప్రమాదం ఉంది. నడుముకు కూడా తీయించమని మీరే గుర్తుచేయండి. తలకు దెబ్బ తగిలినవాడు బాగానే లేచి తిరిగినా ఒక రోజంతా కనిపెట్టి ఉండాలి. వాంతులు, మత్తు, పెరిగే తలనొప్పి, తికమక మాటలు, ఒక కంటిపాప పెద్దదవడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు.

ఇప్పుడు మీ అబ్బాయి పైపు దగ్గరికి వద్దాం. నేను ఇంజనీరును కాను. విరిగినవాళ్లను చూసి చూసి, ఎలా విరగకుండా ఉంటుందోనని తెలిసిన లైన్‌మన్లను, ఒక సివిల్ ఇంజనీరును అడిగి తెలుసుకున్నదే ఇది.

పాత పైపులు వద్దు. బయటికి రంగు బాగున్నా తుప్పు లోపల, అతుకుల దగ్గర తింటుంది. కొత్త జీఐ పైపు తీసుకోండి. పైపు తన బలంమీద నిలబడదు, స్టే వైర్ల బలంమీద నిలబడుతుంది. మూడు వైపులకు సమానంగా తీగలు, ప్రతి 10, 12 అడుగుల ఎత్తుకు ఒక వరుస. తీగ కింద కట్టే చోటు పైపు మొదలుకు, పైపు ఎత్తులో మూడింట రెండు వంతుల దూరంలో ఉండాలి. అంటే 40 అడుగుల పైపుకు ప్రతి వైపూ సుమారు 27 అడుగులు. మహేశ్వరంలో ఎంతమంది మేడమీద అంత జాగా ఉంది? మీ మేడ 30 అడుగుల వెడల్పుంటే ఆ పైపు అక్కడ పట్టదు. తీగలను మొదట్లోకి లాగి నిటారుగా కడితే గాలికి ఆగదు.

అయితే అబ్బాయికి కావలసింది 40 అడుగుల పైపా, 40 అడుగుల ఎత్తా? మీది మేడ అంటున్నారు, రెండంతస్తులైతే దాని ఎత్తే 20 అడుగుల పైచిలుకు. దానిమీద 20 అడుగుల పైపు పెడితే ఎత్తు వచ్చేసింది. తీగలకు 13, 14 అడుగుల జాగా చాలు. వీధివైపు కాకుండా పెరటివైపు పెట్టండి. మేడమీదినుంచి పడే పైపు జారి ఇంకా ముందుకు పోగలదు కనుక, ఏ కరెంటు తీగకైనా 40 అడుగుల దూరం తగ్గకుండా చూసుకోండి. మీ ఇంటికి వచ్చే సర్వీసు వైరు కూడా ఆ లెక్కలోదే. అంత దూరం కుదరకపోతే పైపు ఇంకా పొట్టిది చేయాలి, లేదా మానుకోవాలి. మూడో దారి లేదు.

స్టే వైర్లను పిట్టగోడ ఇటుకలకు కట్టకండి, నీళ్ల ట్యాంకుకు అసలే కట్టకండి. స్లాబు కింద దూలం ఉన్నచోట యాంకరు బోల్టులు వేయించాలి. నైలాను తాడు ఎండకు పెళుసెక్కి తెగుతుంది, బైండింగు వైరు తీగే కాదు. గాలివేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. మన హైదరాబాదు ప్రాంతంలో కట్టడాలకు భారతీయ ప్రమాణాలు లెక్కకు తీసుకోమన్న గాలివేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. ఏప్రిల్ ఈదురుగాలులకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి బిగింపులు చూసుకోండి. కిందివరుస తీగలకు ఎర్రగుడ్డ పేలికలు కట్టండి. వేసవిలో మేడమీద పడుకుని, రాత్రి నీళ్లకు లేచినవారి మెడకు ఆ తీగే తగులుతుంది. శంషాబాదు విమానాశ్రయం దగ్గర కాబట్టి ఎత్తు విషయంలో నిబంధనలు ఏమిటో లైసెన్సు ఇచ్చినవారినే అడిగి తెలుసుకోమనండి.

నిలబెట్టే రోజు గాలి, వాన లేని ఉదయం కావాలి. యాంటెన్నా బిగింపు అంతా పైపును పడుకోబెట్టే చేయాలి. మొదలు దగ్గర కీలు పెట్టి, తాడుతో నెమ్మదిగా లేపాలి. మళ్లీ మరమ్మతు వస్తే అలాగే దించాలి. పైపుమీదికి ఎవరూ ఎక్కకూడదు. అంచు దగ్గర పనిచేసేవారికి నడుముకు తాడు కాదు, ఒళ్లంతా పట్టే సేఫ్టీ బెల్టు ఉండాలి. ఒక మనిషి చెయ్యి వేయకుండా, కేవలం తీగలవైపు చూస్తూ "ఆపు" అనడానికే నిలబడాలి. ఆ ఉద్యోగం మీరు పుచ్చుకోండి. మీ గుండెదడ అందుకు పనికొస్తుంది.

పిడుగు గురించి రెండు మాటలు. పైపునుంచి మందపాటి రాగి తీగగాని జీఐ పట్టీగాని వంపులు లేకుండా నేలలోకి దించి, దాన్ని ఇంటి ఎర్తింగుతో కలపాలి. రెంటినీ విడివిడిగా వదిలేస్తే పిడుగు ఒకదాన్నుంచి రెండోదానికి మీ గదిలోంచే దూకుతుంది. యాంటెన్నా కేబులుకు అరెస్టరు ఉండాలి. మబ్బు కమ్మగానే కేబులు ఊడదీసి బయట పెట్టాలి. ఉరుములు మొదలయ్యాక ముట్టుకోకూడదు. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 అంకెలు లెక్కపెట్టే లోపే శబ్దం వస్తే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉంది. మేడ దిగండి. చివరి ఉరుము తరువాత అరగంట దాకా ఎక్కకండి. అర్జునా ఫల్గుణా అనుకోవడానికి అభ్యంతరం లేదు, లోపల కూర్చుని అనుకోండి. పిడుగు పడినవాణ్ణి ముట్టుకుంటే షాకు కొట్టదు. వెంటనే పైన చెప్పిన విధంగా గుండె నొక్కడం మొదలుపెట్టండి.

ఇక పక్కింటావిడ క్యాన్సరు. వినడానికి మాత్రమే వాడే యాంటెన్నానుంచి ఏ కిరణాలూ రావు. మాట్లాడేటప్పుడు రేడియో తరంగాలు వస్తాయి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ ఈ తరంగాలను "కావచ్చునేమో" అన్న వర్గంలో పెట్టింది. కలబంద ఆకు సారాన్ని కూడా ఆ వర్గంలోనే పెట్టింది. తలకు అందనంత ఎత్తులో ఉన్న యాంటెన్నా కింద మీరు నిద్రపోవచ్చు. మాట్లాడుతున్నప్పుడు దాన్ని చేత్తో పట్టుకుంటే మాత్రం కాలుతుంది. ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకరు ఉంటే వారి గుండె డాక్టరుకు ఒక మాట చెప్పండి.

అబ్బాయిని నిరుత్సాహపరచకండి. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరపున అండమాన్‌లో ఉన్న భారతీ ప్రసాద్ గారి బృందమే, ఫోన్లు మూగబోయిన ఆ దీవుల నుంచి కబుర్లు బయటికి చేర్చింది. మంచి విద్యే నేర్చుకున్నాడు. పెరట్లోని పాత పైపులంటారా, బీరపాదుకు పందిరి వేయించండి, బ్రహ్మాండంగా పనికొస్తాయి.